నర్సప్ప లేని నర్సప్ప ఫోటో

ఒక మనిషి కూర్చున్నచోట కూర్చుని, తన పని తాను చేసుకుంటూ, పట్టపగలు మాయమైపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఆయన్ను మాయం చేసిందే నేను. అలాగని నేను గారడీవాణ్ణి కాను, ఫోటోలు తీసేవాణ్ణి. మాయమైనవాడు గద్వాల నేతగాడు నర్సప్ప. ఆయనతోపాటు ఆయన ఇంటిల్లిపాదికీ ఏడాది పని కూడా మాయం కావలసిందే, వెంట్రుకవాసిలో తప్పింది. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చి, వానల గురించి మాట్లాడేవాణ్ణి. ఇక మార్చను. తప్పు నాది. మీరు నవ్వుకోండి, ఆ హక్కు మీది.

అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. మాది గోపాల్‌పేట. రాయచూరులో ఒక ఫోటో స్టూడియోలో ఎనిమిది నెలలు పనిచేసి, ఒక పాత కెమెరా సంపాదించుకుని, గద్వాలలో కోట దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఎనిమిది నెలలలో విద్య ఎంత వచ్చిందో చెప్పలేను గానీ మీసం మాత్రం బాగా వచ్చింది. దానికి నూనె రాసి మెలిపెట్టేవాణ్ణి. ఊళ్ళో నన్ను ‘ఫోటో సాబు’ అనేవాళ్ళు. ఆ సాబు అన్న మాట వినబడితే చాలు, నా మెడ కొంగ మెడంత పొడుగయ్యేది.

రాయచూరు స్టూడియో మేస్త్రీ నన్ను సాగనంపుతూ ఒక మాట చెప్పాడు. చీకటి ఇంట్లో ఫోటో తీయాలంటే మూడు కావాలి: వెలుతురు బాగా లోపలికి తీసుకునే పెద్ద లెన్సు, కదలని స్టాండు, కదలని మనిషి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కెమెరా సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవాలి. పెద్ద లెన్సు తన దగ్గర ఉందనీ, అవసరమైతే ఒక కార్డు ముక్క రాస్తే పంపిస్తాననీ కూడా అన్నాడు. నేను తలూపాను. నా కెమెరాకున్న లెన్సు కళ్ళు సరిగా తెరవని పసిపాప లాంటిది. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే తప్ప దానికి ఏనుగు కూడా కనబడదు. అయితే అప్పటికి నా పనంతా ఆరుబయటే. పెళ్ళికొడుకులను వాకిట్లో దుప్పటి ముందు నిలబెట్టి తీయడమే కనుక దాని గుట్టు రట్టు కాలేదు.

ఒకరోజు పొద్దున్న ఖాదర్ భాయ్ చాయ్ హోటల్లో కూర్చుని నా కెమెరా గొప్పలు చెబుతున్నాను. ఆ ఉత్సాహంలో, నా కెమెరా చీకట్లో పిల్లికన్నా బాగా చూస్తుందని ఒక మాట వదిలాను. ఆ పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న పెద్దమనిషి సాసరు కింద పెట్టి నావైపు తిరిగాడు. ఆయనే నర్సప్ప. యాభై ఏళ్ళుంటాయి. నేతగాళ్ళ వీధిలో ఆయన నేసే చీర అంచుకు పేరుంది.

“సాబూ, నిజంగ చీకట్ల తీస్తదా నీ డబ్బ?” అని అడిగాడు.

ఇక్కడ ఒక్క ‘తీయదు’ అనే మాట సరిపోయేది. మూడే అక్షరాలు. నేను రెండక్షరాలతో సరిపెట్టాను.

“తీస్త.”

ఆయన కష్టం ఇదీ. ఆ యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనం. పట్నంలో ఒక చీరల సేటు మాత్రం నూలూ పట్టూ జరీ తానే ఇచ్చి, ఏడాది పొడుగునా నేయించుకుంటానన్నాడు. నర్సప్పను ఎన్నడూ చూడకపోయినా, ఆయన కనిపెట్టిన ఒక కొత్త అంచు సేటుకు నచ్చింది. నచ్చాక చిక్కు వచ్చింది. అమరచింత నుంచి ఇంకొకతను వెళ్ళి, ఆ అంచు తనదేనని సేటు దగ్గర చెప్పుకున్నాడు. ఎవరిని నమ్మాలో తెలియక సేటు ఇద్దరికీ కబురు పెట్టాడు. చీర మగ్గం మీద ఉండాలి, నేసేవాడు మగ్గం మీద ఉండాలి, రెండూ ఒక్క ఫోటోలో కనబడాలి. ఎవరి ఫోటో అలా వస్తే పని వాళ్ళదే. నర్సప్ప మగ్గం మీద ఆ అంచు చీర ఇంకో రెండు రోజుల్లో పూర్తవుతుంది. పూర్తయితే కోసి కొన్నవాళ్ళకు ఇచ్చెయ్యాలి. మళ్ళీ అంత పట్టు తెచ్చి ఇంకొకటి మొదలుపెట్టే తాహతు లేదు.

“నూలు రాకుంటే మగ్గం ఆగినట్టే సాబూ. మా ఇంట్ల ఐదుగురం గా మగ్గం గుంట మీద్నే బత్కుతం” అన్నాడు నర్సప్ప.

నేను ఆయన భుజం తట్టాను. యాభై ఏళ్ళ మనిషి భుజం, ఇరవై రెండేళ్ళ నేను. ఇప్పుడు తలచుకుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

వెళ్ళి చూశాను కదా, నా పై ప్రాణం పైనే పోయింది. వీధిలోంచి వసారా, వసారాలోంచి ఒక గది, ఆ గదిలోంచి మగ్గం గది. మట్టిగోడలు. చెయ్యి పట్టేంత కిటికీ ఒకటి. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని నర్సప్ప కూర్చుంటాడు, ఎదురుగా బారుగా చాచిన పడుగు పోగులు. ఆయనకు అలవాటై చీకట్లోనే జరీ పోగులు లెక్కపెడుతున్నాడు. నాకు మాత్రం ఆయన తలపాగా ఎక్కడుందో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని చూస్తే, గుడ్డ లోపలా బయటా ఒకే చీకటి.

చెప్పెయ్యవచ్చు కదా అంటారు. చెప్పెయ్యవచ్చు. కార్డు రాసే వ్యవధి లేకపోయినా, అదే రోజు రాయచూరు బయలుదేరి వెళ్ళి లెన్సు తెచ్చుకోవచ్చు. కానీ నా దగ్గర లేదని మేస్త్రీ ముందు ఒప్పుకోవాలి కదా. నా మీసం ఒప్పుకోలేదు.

మొదట భగ్గున వెలిగే మెగ్నీషియం పొడి సంగతి ఎత్తాను. నర్సప్ప భార్య ఈరమ్మ చీపురు పట్టుకుని లేచింది. పట్టు పక్కన నిప్పు పెడతానన్న మనిషిని ఆమె అదే మొదటిసారి చూస్తున్నదట. ఇంటి కప్పు మీద నాలుగు బండలు తీసేద్దామన్నాను. మళ్ళీ ఎవరు వేస్తారని అడిగింది. 

అప్పుడు ఖాదర్ భాయ్ ఆలోచన ఇచ్చాడు. తన హోటల్లో నిలువెత్తు అద్దం ఒకటుంది. ఎండను అద్దంలో పట్టి లోపలికి తోస్తే సరి. ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. ఒక అద్దం కాదు, మూడు పెడదామన్నాను. వీధిలో ఎండపడే చోట ఖాదర్ భాయ్ పెద్ద అద్దం పట్టుకోవాలి. ఆ వెలుగును గది గుమ్మంలో ఈరమ్మ రెండో అద్దంతో అందుకుని లోపలికి మళ్ళించాలి. మూడో అద్దం మగ్గం వెనక గోడకు ఆనించి పెడితే, అది వెలుగును తిప్పి నర్సప్ప ముఖం మీద వేస్తుంది. నేను గుమ్మం పక్కనే కెమెరాతో ఉంటాను.

ఆ మధ్యాహ్నం నేతగాళ్ళ వీధి జాతరలా అయింది. పక్కిళ్ళ వాళ్ళంతా వచ్చి గోడలకు ఆనుకున్నారు. ఖాదర్ భాయ్ అద్దం ఎత్తగానే ఎండ ముక్క ఒకటి గోడల మీద కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. ఒకసారి ఎదురింటి ముసలాయన కళ్ళల్లో పడి ఆయన అందరినీ పేరుపేరునా తిట్టాడు. ఒకసారి జట్కా గుర్రం ముఖాన పడి అది వెనక్కి నడిచింది. ముందుకు లాగడానికి అలవాటు పడ్డ గుర్రం వెనక్కి నడిస్తే ఎలా ఉంటుందో వీధి అంతా చూసింది. చివరకు ఎలాగైతేనేం, ఎండ ఈరమ్మ అద్దంలోకి వచ్చింది, అందులోంచి లోపలికి వెళ్ళింది, మూడో అద్దానికి తగిలి నర్సప్ప మీద పడింది. చీకట్లోంచి ఆ మనిషి, ఆ చీర, ఎర్రటి పట్టు మీద జరీ అంచు, బంగారం కరిగి పారినట్టు బయటపడ్డాయి.  లోకంలో ఇంతకన్నా గొప్ప ఫోటో లేదనుకున్నాను. ఆ మాట కూడా పైకే అన్నాను.

యుద్ధం వల్ల సరుకు రాక, నా దగ్గర మిగిలింది ఫోటో పడే గాజు ప్లేటు ఒకే ఒక్కటి. రెండోసారి తీయడమన్నది లేదు. నేను నర్సప్పకు చెప్పాను: లెన్సు మూత తీసి అరవై అంకెలు లెక్కపెడతాను, అంతసేపూ బొమ్మలా ఉండాలి.

నర్సప్ప ముఖం మారిపోయింది.

“గట్ల గుదరదు సాబూ. గుంటల దిగినంక చెయ్యి ఊకుండొద్దు. మా నాయిన గట్లనే జెప్పిండు, మా తాత గట్లనే జెప్పిండు. ఇంట్ల ఎవరన్న పోయిననాడే మగ్గం మీద ఊకె గూసునేది.”

“మరి గుంట బయట కూర్చో.”

“బయట గూసుంటే నేసినట్టేడుంటది? సేటు నవ్వడా?”

ఆ మాటా నిజమే. అటు వెలుగు జారిపోతోంది, ఇటు ఖాదర్ భాయ్ వీధిలోంచి తన చేతులు విరిగిపోతున్నాయని కేకలు పెడుతున్నాడు. నర్సప్పే ఒక రాజీ తెచ్చాడు. తల కదపడట, నడుం కదపడట, చేతులు మాత్రం ఆడిస్తాడట. నేను ఆలోచించాను. చేతులు కొంచెం మసకగా వస్తాయి, ముఖం వస్తే చాలు. సరేనన్నాను. మగ్గం నేసేవాడు చెయ్యి ఆడిస్తే కాలు ఆడుతుందని, కాలు ఆడితే నడుం ఊగుతుందని, నడుం ఊగితే తల ఊరుకోదని నాకేం తెలుసు? మగ్గం నేయడం నేను అంతకుముందు చూసిందే లేదు. మేస్త్రీ చెప్పిన మూడింటిలో నా దగ్గర మిగిలింది స్టాండు ఒక్కటే. అదీ ఇటుక పెడితేగాని నిలబడదు.

మూత తీశాను. “ఒకటి” అన్నాను.

నర్సప్ప పేకపోగు చుట్టిన నాడె విసిరాడు. ఆ నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఫోటో అన్న కంగారులో రోజూకన్నా రెండింతల వేగంతో నేస్తున్నాడు. ఇరవై దగ్గరికి వచ్చేసరికి మనిషి మొత్తం పూనకం వచ్చినట్టు ఊగుతున్నాడు. నాకు మాత్రం అదేమీ కనబడలేదు. నేను లెన్సు పక్కన ఊపిరి బిగబట్టి, గడ్డం ఎత్తి, నా జీవితంలో గొప్ప ఘడియ ఇదని గోడవైపు చూస్తూ నవ్వుతూ లెక్కపెడుతున్నాను. పాతిక దగ్గర నా ముఖానికి వెచ్చగా తగిలింది. గెలుపు అంటే ఇలాగే వెచ్చగా ఉంటుంది కాబోలనుకున్నాను. కదలలేదు. అరవై దాకా రాతి విగ్రహంలా నిలబడి, మూత పెట్టేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాదర్ భాయ్ ఆ రోజు నాకు చాయ్ ఊరికే పోశాడు.

మర్నాడు పొద్దున్నే నర్సప్ప చీర పూర్తిచేసి కోసేశాడు. అదే పొద్దున్న నేను ఫోటో కడిగి, కాగితం మీదకు ఎక్కించి, కిటికీ దగ్గరకు తెచ్చి చూశాను.

మగ్గం వచ్చింది. నేసిన చీర వచ్చింది. అంచులో ప్రతి పువ్వూ లెక్కపెట్టవచ్చు. నర్సప్ప ఉండాల్సిన చోట పొగ ఉంది. పొయ్యి మీద అన్నం కుండలోంచి లేచే ఆవిరి లాంటి పొగ. బాగా వెతికితే అందులో తలపాగా లాంటిది ఒకటి, అదీ రెండు మూడు చోట్ల కనబడుతుంది. అంతే. 

అంతకన్నా ఘోరం ఆ పొగ వెనక ఉంది. మగ్గం వెనక గోడకు పెట్టిన మూడో అద్దంలో ఒక మనిషి ఉన్నాడు. స్పష్టంగా ఉన్నాడు. మెలితిప్పిన మీసం, ఎత్తిన గడ్డం, పెళ్ళికొడుకు నవ్వు. నేనే. పాతిక దగ్గర జరిగింది ఏమిటంటే, మొగుడు ఫోటోలో ఎలా పడుతున్నాడో చూద్దామని ఈరమ్మ కొంచెం పక్కకు తిరిగింది. ఆమెతోపాటు ఆమె చేతిలో అద్దమూ తిరిగింది. ఎండంతా వచ్చి నా ముఖాన పడింది. ఆ గదిలో అరవై అంకెలు కదలకుండా ఉన్న ప్రాణి నేనొక్కణ్ణే కనుక, వెంట్రుకలతో సహా నేనొక్కణ్ణే వచ్చాను. అది అద్దమని కూడా తెలియదు. మగ్గం వెనక ఎవరో కుర్రజమీందారు నిలబడి కాపలా కాస్తున్నట్టుంది.

ఇప్పుడు అసలు పాపం చెబుతాను. ఇంతవరకు జరిగింది తెలివితక్కువ. ఇక మీద చేసింది తప్పు. నేను ఆ ఫోటో తీసుకుని తిన్నగా నర్సప్ప దగ్గరకు వెళ్ళి, పొరపాటు జరిగింది, సేటుకు ఉత్తరం రాసి గడువు అడుగుదామని చెప్పాలి. చెప్పలేదు. సేటుకు కావలసింది అంచే కదా, అంచు ఉందిగా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఫోటోను అట్టల మధ్య పెట్టి టపాలో వేసి వచ్చి, దారిలో నర్సప్ప ఎదురైతే, బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పాను. ఆయన తన చేతులు రెండూ చూసుకుని మురిసిపోయాడు. చేతులు సరిగా పడ్డాయా అని అడిగాడు. పడ్డాయన్నాను.

పదిహేను రోజులు నాకు అన్నం సహించలేదు. పదహారో రోజున ఖాదర్ భాయ్ నా గదికి పరుగెత్తుకొచ్చాడు. పట్నం నుంచి సేటు గుమాస్తా నూలు మూటలతో దిగాడట, నర్సప్ప ఇంట్లో ఉన్నాడట, అక్కడేదో గడబిడగా ఉందట, నేను వెంటనే రావాలట. నూలు మూటలు అన్న మాట విని నా గుండె లేడిపిల్లలా గెంతింది. గట్టెక్కామనుకున్నాను. తలకు నూనె రాసుకుని మరీ వెళ్ళాను.

వసారాలో మూటలు దించి ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా ఒక చేత్తో ఫోటో పట్టుకుని నిలబడ్డాడు. నర్సప్ప, ఈరమ్మ దోషుల్లా ఒక మూల నిలబడ్డారు. నన్ను చూడగానే గుమాస్తా ముఖం వికసించింది.

“ఇగో, వచ్చిండు నర్సప్ప. ఏడికి బోయినవయ్యా? పొద్దటిసంది ఈ ముసలాయన నేనే నర్సప్ప, నేనే నర్సప్ప అని నా పానం దీస్తుండు.”

అందరూ నావైపు చూశారు. ఖాదర్ భాయ్ గుమాస్తా చేతిలోని ఫోటోలోకి తొంగిచూశాడు. అప్పటిదాకా దాన్ని గద్వాలలో నేను తప్ప ఎవరూ చూడలేదు.

“అరే, నర్సన్న ఏడి గిండ్ల?” అన్నాడు.

గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. “ఇగో, మీసాలు మెలేసుకొని నిలవడ్డడు గద. చిన్నోడే గని పనిమంతుడని మా సేటు మస్తు మెచ్చుకున్నడు. మూటలు ఈ మనిషి చేతికే ఇయ్యమన్నడు.”

“మరి గీ పొగేంది?”

“సాంబ్రాణి ఏసుకున్నట్టుంది. శుక్రారం గావచ్చు.”

ఈరమ్మ ఫోటో అందుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.  ఆ పొగలో తలపాగాను గుర్తుపట్టినట్టుంది. నా పెనిమిటిని సాంబ్రాణి జేసినవా నాయనా అని మెల్లగా అంది. ఆమె తిట్టినా బాగుండేది.

నర్సప్ప ఫోటో అడగలేదు. నన్నే అడిగాడు.

“సాబూ, గిది నువ్వు ఆనాడే సూసినవా?”

“చూశాను.”

“మరి బాగొచ్చిందని జెప్తివి.”

“చెప్పాను.”

 నా మీసం అప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు గానీ, లోపల నేను మాత్రం తడిసిన కాకిలా ఉన్నాను. గుమాస్తా కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. నేను నర్సప్పను కాను, నాకు నేత రాదు, నేను ఫోటో తీసినవాణ్ణి, ఆ పొగే నర్సప్ప.

గుమాస్తా నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“ఫోటో దీసెటోడు ఫోటోల ఎట్లుంటడయ్యా? నన్నేమన్న పిచ్చోడనుకున్నవా? ఈ ముసలాయన నిన్ను బెదిరించి గిట్ల జెప్పిస్తుండు.”

చూశారా ఆ తర్కం.  అద్దాల సంగతి చెబితే ఇంకా నమ్మలేదు. వీధి అంతా సాక్ష్యం చెప్పింది. వీధి అంతా ముసలాయన చుట్టాలే అన్నాడు. మూటలు మళ్ళీ బండికెక్కించమన్నాడు. మొదటి మూట పైకి లేచింది. నర్సప్ప దాన్నే చూస్తున్నాడు, పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు.

అప్పుడు నా బుర్రలోకి మొదటిసారి ఒక మంచి ఆలోచన వచ్చింది. నన్ను మగ్గం మీద కూర్చోబెట్టండి అన్నాను.

లోపల, పాత చీరకు మిగిలిన పట్టూ జరీ, అప్పు తెచ్చిన కాసింత నూలూ కలిపి కొత్త పడుగు ఎక్కించి ఉంది. నేను గుంటలోకి దిగాను. దిగడమే తలకిందులుగా దిగాను, మోకాలు పైకి వచ్చింది. గుమాస్తా లాంతరు పట్టుకుని వంగి చూస్తున్నాడు. నర్సప్ప చేసినట్టే కాలు తొక్కి నాడె విసిరాను. అది అటు వెళ్ళలేదు, ఇటు రాలేదు. పడుగులోంచి పైకి లేచి గుమాస్తా కళ్ళజోడుకు తగిలి కింద పడింది. దాన్ని పట్టుకుందామని లేచాను. నా చొక్కా గుండీ పోగుల్లో ఇరుక్కుంది. వెనక్కి లాగాను. టపటపమని, వేయించిన పేలాల్లా, పోగులు తెగాయి. ఎన్ని తెగాయో ఈరమ్మ మొదట లెక్కపెట్టింది, తర్వాత మానేసి తల పట్టుకుంది.

గుమాస్తా కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. నన్ను చూశాడు, ఫోటో చూశాడు.

“ఈయన నర్సప్ప గాదు. ఈయన ఏమీ గాదు” అన్నాడు.

నా జీవితంలో అంత మంచి మాట నా గురించి ఎవరూ అనలేదు.

నర్సప్ప గుంటలోకి దిగాడు. ఈరమ్మ తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేసి ఇస్తుంటే, సాయంత్రం దాకా కూర్చుని, గుమాస్తా కళ్ళ ముందే జానెడు అంచు నేశాడు. అదే పువ్వు, అదే మెలిక. గుమాస్తా ఫోటోను పక్కన పెట్టి పోల్చి చూశాడు. బయటకు వెళ్ళి, మూటలు లోపలికి తెమ్మన్నాడు. ఈరమ్మ ఆ మూటల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి ఎవరూ నా ముఖం మీద వెలుగు వేయలేదు, అదృష్టం.

ఆ ఫోటోను గుమాస్తా అక్కడే వదిలి వెళ్ళాడు. నేను చింపేద్దామనుకున్నాను, నర్సప్ప ఇవ్వలేదు. చట్రం కట్టించి వసారాలో తగిలించాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మీసాలాయన ఎవరని అడిగేవాళ్ళు. మా ఫోటో సాబు అని చెప్పేవాడు. మరి ఫోటోలో నువ్వెక్కడ నర్సప్పా అంటే, ఏమాత్రం తడుముకోకుండా అనేవాడు:

“నేనా? నేను పనిల ఉన్న.”

అందువల్ల, చదువుతున్న మీరందరూ సాక్షులుగా, మిగిలిన నాలుగు వెంట్రుకల మీసం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. చీకటి ఇంట్లో ఫోటో తీయమని ఎవరడిగినా, సరైన లెన్సు ఉంటే తీస్తాను, లేకపోతే లేదని మూడూళ్ళకు వినబడేటట్టు చెబుతాను. ఎదుటివాడు పనిలో ఉండగా నేను మాత్రం చచ్చినా నవ్వుతూ నిలబడను.